పదకొండు ప్రస్తావనలు

"ఎవరెవరికి ఉత్తరాలు రాశావమ్మా?"

ఖాజాగూడ ఖగోళ పరిశోధనశాల డైరెక్టర్ భీమేశ్వరరావు, ప్రమోషన్ కోసం వచ్చిన పరిశోధకురాలు కనకలక్ష్మిని నిలదీశాడు.

"ఎవ్వలకూ రాయలే సార్."

"1976లో ఎవరి వ్యాసాన్ని ఎవరు పేర్కొన్నారో చూపే జాబితా ఇది, చూడు. నా వ్యాసాన్ని పేర్కొన్న పదకొండుమందీ నీ వ్యాసాన్ని కూడా పేర్కొన్నారు. నువ్వు ఉత్తరం రాసి అడగకుండానే?"

"జాబితానే చూసిన్రా సార్? వాళ్లు రాసింది చదవలేదా?"

ఆయన అనుమానంగానే జాబితాలోని ఒక పరిశోధన పత్రిక తెరిచాడు. భీమేశ్వరరావు లెక్కలోని పొరపాటును కనకలక్ష్మి సరిదిద్దిందని అందులో ఉంది. రెండో పత్రికలోనూ అదే.

"నా పేరు బయటపెట్టావా?"

"నా వ్యాసంల మీ పేరే రాయలే సార్. తప్పు ఎవలిదో వాళ్లే పట్టుకున్నరు."

ఆయన గొంతు తగ్గింది. "ముందే నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పిన సార్. అప్పుడు గూడ గిట్లనే, ఎవరు నేర్పిన్రని అడిగిన్రు."