మూడు పిలుపులు

హేమనళిని జిల్లా జడ్జిగా ఖాయమైనట్టు ఉత్తర్వు పొద్దున్నే కోర్టు హాలు తెర మీద వెలిగింది. ప్రొబేషన్ కాలమంతా యంత్రం రాసిన తీర్పుల్లో ఒక్కదానితోనూ ఆమె విభేదించలేదని అందులో మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టడానికి హాల్లో ఎవరూ లేరు. కక్షిదారులూ వకీళ్లూ ఇళ్ల నుంచే హాజరవుతున్నారు.

బంట్రోతు ఏసుపాదం టీ తెచ్చిపెట్టాడు.

"ఇవాళ కూడా ఎవర్నీ పిలిచే పని లేదమ్మగారూ. గొంతు తుప్పట్టిపోతంది."

"ఓసారి నా పేరు పిలువయ్యా. ఈ ఊరొచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు."

"తప్పు కదమ్మా."

"పర్లేదు, పిలువు."

అతను వరండాలోకి వెళ్లి, ఖాళీ బెంచీల వైపు తిరిగి, పాత పద్ధతిలో మూడుసార్లు కేకేశాడు. మూడో పిలుపుకైనా పలక్కపోతే మనిషి రానట్టే లెక్క. హేమనళిని పలకబోయింది. ఏడుపొచ్చి చేత్తో నోరు మూసుకుంది.

పిలుపులు విన్న యంత్రం తెర మీద రాసింది: 'హేమనళిని, గైర్హాజరు.' కింద ఎప్పటిలాగే రెండు మీటలు వెలిగాయి, సమ్మతి ఒకటి, అసమ్మతి ఒకటి.

ఆమె వేలు అలవాటైన మీట మీదికే వెళ్లింది.