పాప పళ్ళ అచ్చు

“ఆ అచ్చు నాకిచ్చెయ్యండి డాక్టర్ గారూ, తీసుకెళ్తాను.”

పళ్ళ డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగాడు. అలమరలో వరసగా పేర్చిన ప్లాస్టర్ అచ్చుల్లోంచి ఏడేళ్ళ పాపది వెతికి బల్లమీద పెట్టాడు గానీ, దానిమీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“అచ్చు మీకెందుకమ్మా? దీని కొలతకే తీగ చేయించాను. పదిరోజుల్లో వస్తామన్నారు, నెలన్నర దాటింది. తీగ డబ్బాలోనే ఉంది. పాపేది?”

“రాదండి.”

“భయమా? తీగ పెట్టడానికి సూదీ లేదు, నొప్పీ లేదు.”

తల్లి అచ్చు కోసం రెండు చేతులూ చాచింది. డాక్టరుకి మౌనం పడదు. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ నోరు తెరిపించేవాడికి తన నోరు మూసుకోవడం చేతకాదు.

“పాలపళ్ళే కదా అనుకుంటారు. తర్వాత ఏం చెయ్యాలో పాలుపోదు! కోరపన్ను పక్కది పుచ్చిపోయి, మూడేళ్ళు ముందే పీకేశాం. బస్సులో సీటు ఖాళీ అయితే పక్కవాళ్ళు ఊరుకుంటారా? కాస్త కాస్త జరిగి కాళ్ళు చాపుకుంటారు. అసలు పన్ను టికెట్టు పట్టుకుని వచ్చేసరికి చోటుండదు. ఎవరి మీదో ఎక్కి వంకరగా నిలబడుతుంది. అందుకే ఈ తీగ. రుమాలు వేసి సీటు ఆపినట్టన్నమాట!”

తన రుమాలుకి తనే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు. చేతులు మాత్రం అచ్చు కోసం చాచే ఉన్నాయి.

“ఓహో, వేరే డాక్టరు దగ్గరికా? దంతాల దగ్గర పంతాలొద్దమ్మా! కోపముంటే నన్ను నాలుగు తిట్టండి, పిల్లని మాత్రం తీసుకురండి. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆ ఖాళీ పూడిపోతుంది.”

“పూడదండి,” అందామె.

ఆ గొంతు విని డాక్టరు నోటిదాకా వచ్చిన జోకు అక్కడే ఆగిపోయింది. అచ్చుమీంచి చెయ్యి తీశాడు.

ఆమె దాన్ని దోసిట్లోకి తీసుకుంది. చిన్న పళ్ళ వరసని బొటనవేలితో మెల్లగా తడిమింది.

“పాప పోయి నలభై రోజులైందండి. పన్ను మొదట పుచ్చిందనీ, తర్వాత పీకేశారనీ సిగ్గుపడి ఒక్క ఫొటోలోనూ నోరు తెరిచి నవ్వలేదు... మాకు మిగిలిన దాని నవ్వు ఇదొక్కటే.”