ఎవరి గింజలు వాళ్ళవే

ఈ ఏడు చాపకూడు లేదని కరణం గోపాలకృష్ణయ్య కాగితం చదివి చెప్పాడు.

అది యుద్ధకాలం, వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై మూడు. తిండిగింజలు కరువైనందువల్ల ఏ ఒక్కరూ యాభై మందికి మించి భోజనాలు పెట్టకూడదు, పెడితే కేసు. పైనుంచి వచ్చిన కాగితంలో ఉన్నది అంతే.

గురజాలకు నాలుగు కోసుల దూరంలో ఉందా ఊరు. కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల తిరునాళ్ళ. ఎప్పటిదో పోరులో పడిపోయిన వీరుల పేర రాళ్ళు గుడి ముందు వరసగా పాతి ఉంటాయి. ఒకప్పుడు అయిదు రోజులు జరిగేది. మాచర్లకు రైలు పడ్డాక కుర్రకారు పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. వీరుల కథ చెప్పేవాళ్ళు రావడం మానేశారు. రాళ్ళలో నాలుగు రోడ్డు వంతెన కిందికి పోయాయి. కత్తుల్ని ఏటికి తీసుకెళ్ళి కడిగే వేడుక, పోలీసులు కత్తులు పట్టుకెళ్ళాక కిందటేడు ఆగిపోయింది. ఇక మిగిలింది చివరి రోజు చాపకూడు. గుడి ముందు చాపలు పరిచి, ఊరంతా కూర్చుని ఒకే వంట తినడం.

ఏటా ఆ భోజనాలు పెట్టేది మోతుబరి నరసింహారావు. చేసేదేమీ లేదని, ఒక్క ఏడు మానుకుందామని ఆయన అరుగు మీద కూర్చుని తేల్చేశాడు. పక్కనున్న పెద్దల్లో ఇద్దరు ముగ్గురి మొహాలు తేలికపడ్డాయి.

"కత్తులప్పుడు కూడా ఒక్క ఏడే అన్నారుగా అయ్యా."

ఆ మాట వీధిలోంచి వచ్చింది. అన్నది పున్నమ్మ. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక పొలం పని ఉంటే పొలానికీ, లేకపోతే నాపరాళ్ళ గనికీ వెళ్ళి బతుకుతోంది.

ఆమె బాధేమిటో తనకు తెలుసనుకున్నాడు నరసింహారావు. ఏటికొక్క పూట కడుపునిండా వరి అన్నం తినేది, అదీ పోతోంది కాబోలు. రేపు వస్తే రెండు మానికల బియ్యం కొలిపిస్తాననీ, గొడవ చెయ్యొద్దనీ మెత్తగానే చెప్పాడు.

"నాకు బియ్యం వద్దు. చాపకూడు కావాల" అంది పున్నమ్మ.

మర్నాడు ఆమె గురజాల నడిచి వెళ్ళింది. తాలూకా కచేరీ ముందు ఎండలో పొద్దు వాలేదాకా నిలబడింది. చివరికి ఒక గుమాస్తా బయటికి వచ్చి ఏం కావాలని అడిగాడు. ఆమె అడిగింది ఒకటే. ఎవరూ ఎవరికీ పెట్టకుండా, ఎవరి గింజలు వాళ్ళు తెచ్చుకుని, ఒక్కచోట వండుకుని తింటే కేసవుతుందా? గుమాస్తా లోపలికి వెళ్ళి కాగితం తిరగేసి మరగేసి చూశాడు. అట్లా తినకూడదని ఇందులో ఎక్కడా లేదని వచ్చి చెప్పాడు.

తిరిగొచ్చిన మర్నాటి నుంచే ఊరు తిరగడం మొదలుపెట్టింది. ప్రతి ఇంటి ముందూ ఆగి కేకేసి, మనిషికి సోలెడు, అంటే మానికలో పావు, తెచ్చుకోమని చెప్పింది. కొందరు దీనికి పిచ్చెక్కిందన్నారు. కొందరు విననట్టు తలుపులు వేసుకున్నారు. కరణం జైలు మాట ఎత్తి బెదిరించాడు. తన ఇంట్లోంచి గింజ కూడా కదలదని నరసింహారావు కబురు చేశాడు. ఏటా వంట చేసే హనుమంతు మాత్రం, పొయ్యి తవ్వి ఉంచుతానని మాట ఇచ్చాడు.

తిరునాళ్ళ చివరి రోజు పొద్దున్నే పున్నమ్మ తన సోలెడు బియ్యం గంపలో పోసింది. చానాసేపు అవి ఒక్కటే ఉన్నాయి. తర్వాత ఒకరు వచ్చారు. ఆ వచ్చినవాళ్ళను చూసి మరొకరు. ఎండెక్కేసరికి గంప నిండి ఇంకో గంప తేవాల్సి వచ్చింది. ఆఖర్న నరసింహారావు భార్య రామాయమ్మ చేటలో బియ్యంతో వచ్చింది. కొడుకు జబ్బుపడ్డప్పుడు వీరులకు మొక్కుకున్నదట, మానితే కీడని భయం. ఆవిడ వెనకే, ఇంట్లో కూర్చోలేక, నరసింహారావూ వచ్చాడు.

రెండు వందల మంది చాపల మీద కూర్చుని ముద్ద ఎత్తే వేళకు కానిస్టేబులు సుభానీ దిగాడు. ఇన్ని భోజనాలు పెడుతున్నది ఎవరని అడిగాడు. నరసింహారావు తల వంచుకున్నాడు.

"ఎవరూ పెట్టట్లేదయ్యా" అంది పున్నమ్మ, కూర్చున్నచోటి నుంచి లేవకుండా. "నా సోలెడు నేను తింటన్నా. ఈమెది ఈమె తింటంది."

ఆమె పక్కనున్నది రామాయమ్మ. సుభానీ ఆవిడ వంక చూశాడు.

"నా బియ్యమే నాయనా" అంది రామాయమ్మ.

వరసగా పదిమందిని అడిగాడు. పదిమందీ అదే చెప్పారు. సుభానీ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ పున్నమ్మ దగ్గర ఆగి, సోలెడు బియ్యం ఇంట్లోనే వండుకోక ఇంత రచ్చ ఏందని అడిగాడు.

"ఇంట్లో రోజూ తింటానే ఉన్నాగా" అందామె.

చేతులు కడుక్కునే దగ్గర, వచ్చే ఏడు ఇంకా గట్టి కాగితం వస్తుందేమోనన్నాడు నరసింహారావు.

"రానీయండి. మానికెడు తెస్తా" అంది పున్నమ్మ.

మర్నాడు పొద్దున దాహమని వచ్చిన గూడెం పున్నమ్మను, నిన్న ఒకే చాప మీద భుజం తగిలేలా కూర్చుని తిన్న రామాయమ్మ, ఏడాదిలో మిగిలిన అన్ని రోజుల్లాగే వాకిలి అవతలే నిలబెట్టి, మైల సోకకుండా చెంబు పైకెత్తి ఆమె దోసిట్లోకి నీళ్ళు పోసింది.