మొదటి ముద్ద

“ఇవాళ నానమ్మ దగ్గర ఏం తిన్నావే?”

“ఆవాకు కిమ్చీ. పీతల ఊరగాయ. ముల్లంగి కూడా.”

మిరాన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆరేళ్లొచ్చినా ఈ పిల్ల తెల్లన్నం, గుడ్డు, సముద్రపు నాచు రేకులు తప్ప ఇంకొకటి నోట పెట్టి ఎరగదు. బతిమాలినా, బెదిరించినా అంతే. మార్చిలో బళ్లో చేరాలి. అక్కడ అందరికీ ఒకటే భోజనం. పిల్ల ఎండుకుపోతోందని డాక్టరు మొహం మీదే అన్నాడు. అలాంటిది, యోసు ఊరి బజార్లో అత్తగారు మల్‌సూన్ నడిపే కిమ్చీల కొట్లో నెల్లాళ్లుగా ఆ పులిసిన కారపు ఊరగాయలన్నీ లాగించేస్తోందట.

“నానమ్మ ఏం ఆశ పెడుతోంది? మిఠాయిలా?”

“ఏమీ లేదు.”

“మరెలా తింటున్నావు?”

“చెప్పకూడదు. చిటికెన వేలు కలిపి ఒట్టేశాను,” అంది దాయూల్.

మిరాన్‌కి ఒళ్లు మండింది. కన్నతల్లికి చెప్పకూడని ఒట్టేమిటి?

“మీ అమ్మ పిల్లకేదో మందు పెట్టింది,” అంది మొగుడితో.

“తింటోందిగా. సంతోషించక ఈ గోలేంటి?” అన్నాడతను పేపరు లోంచి తల ఎత్తకుండా.

మర్నాడు మిరాన్ మధ్యాహ్నం సెలవు పెట్టి, అత్తగారి కొట్టుకి ఎదురుగా ఎండుచేపల బుట్టల వెనక నక్కింది. చలికాలానికి ఇంటింటా కిమ్చీలు పెట్టుకునే రోజులు. వీధి వీధంతా మల్‌సూన్ చేతి వంటకే ఎగబడుతోంది. ఆవిడ మోచేతుల దాకా ఎర్ర తొడుగులేసుకుని పెద్ద తొట్టిలో కారం కలుపుతోంది. ఓ ఆకు తుంచి, కారం పూసి, చుట్టి, ముందుగా దాయూల్ నోట్లో పెట్టింది.

మిరాన్ తన కళ్లను తానే నమ్మలేకపోయింది. పెళ్లయిన వారంలోనే, పదిమంది ముందు, “పెద్దవాళ్లు చెంచా ఎత్తకుండానే తినేస్తావా? మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది?” అని తనను కడిగేసిన మనిషి ఈవిడే. ఇప్పుడు పసిపిల్లకి మొదటి ముద్ద పెడుతోంది. ఆవిడ మాత్రం ఒక్క ముక్క కూడా ముట్టుకోవడం లేదు. అందులో ఏం కలిపింది?

దాయూల్ కళ్లు గట్టిగా మూసుకుని నమిలింది. కళ్లనీళ్లు కారుతున్నా మింగేసింది. తర్వాత నానమ్మ చెవిలో ఏదో ఊదింది. మల్‌సూన్ దొంగలా అటూ ఇటూ చూసి, బల్ల కింద నుంచి ఓ సీసా తీసి తొట్టిలో ఒంపింది.

మిరాన్ ఇక ఆగలేదు. ఒక్క ఉదుటున వెళ్లి సీసా లాక్కుని వాసన చూసింది. ఉప్పుచేపల రసం. ఉప్పు చాలకపోతే వేసేది, ఏ వంటింట్లోనైనా ఉండేదే.

“ఏం జరుగుతోంది అత్తయ్యా ఇక్కడ?”

“పిల్లకి నాలుగు రకాలూ అలవాటు చేద్దామని…” మల్‌సూన్ తల వంచుకుంది.

“అలవాటు చెయ్యడానికి ఒట్లెందుకు? దాన్ని ఏడిపించి మరీ తినిపిస్తున్నారు. రేపటి నుంచి ఇది ఇక్కడికి రాదు. ఇంకో చోట దింపుతాను.”

మల్‌సూన్ మొహం పాలిపోయింది. “ఈ పది రోజులూ ఉంచమ్మా. కిమ్చీలు పెట్టడం అయ్యేదాకా.”

పన్నెండేళ్లలో ఆవిడ కోడల్ని ఒక్కసారీ బతిమాలింది లేదు. మిరాన్‌కి అనుమానం ఇంకా బలపడింది. కూతురి రెక్క పట్టుకుంది.

“పద ఇంటికి.”

దాయూల్ నానమ్మ ఏప్రన్‌ని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. “నేను రాను. నేను లేకపోతే కొట్టు మూసెయ్యాలి.”

“ఆరేళ్ల పిల్లవి, నువ్వు లేకపోతే కొట్టు మూతబడుతుందా? ఈ కారాలంటే అంత ఇష్టమా నీకు?”

“ఇష్టం లేదమ్మా. నోరు మండిపోతుంది. అయినా తింటున్నా.”

“దాయూల్, వద్దే,” అంది మల్‌సూన్ సన్నగా.

“మరెందుకే?” మిరాన్ వంగి కూతురి మొహంలోకి చూసింది.

దాయూల్ నానమ్మ వైపు ఒకసారి చూసి, వెక్కుతూ చెప్పింది.

“నానమ్మకి ఏ రుచీ తెలియడం లేదమ్మా.”