లిల్లీ వద్దన్న ఫ్లాట్

"మొక్క తీసుకుంటారా, ఇల్లు ఖాళీ చేస్తారా?" అని సెక్రటరీగారు అడగలేదు. అడిగినట్టు చూశారు, అంతే. ఆయన చేతిలో తెల్లటి పూలతో లిల్లీ కుండీ ఉంది.

టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆ అపార్ట్‌మెంటుకి ఆయన సెక్రటరీ. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ పెత్తనం నుంచి కాలేదు. ఎప్పుడూ తెల్లచొక్కాలోనే కనిపిస్తారు. లిఫ్టులో గట్టిగా నవ్వకూడదు, మెట్ల మీద చెప్పులు ఈడ్చకూడదు, బాల్కనీలో తడిబట్టలు కనపడకూడదు. ఇవన్నీ ఆయన చలవే. ఫిర్యాదులు కూడా మెట్ల మీదే వింటారు. ఆయన గుమ్మం దాటి లోపలికి వెళ్ళిన అదృష్టవంతుడు ఇంతవరకూ ఎవరూ లేరు.

అన్ని రూల్సుకీ తలమానికం ఒకటుంది. ఈ భవనంలో జంతువులు నిషేధం. మూడో అంతస్తు దంపతులు అరచేతిలో పట్టేంత కుక్కపిల్లని తెచ్చుకుంటే, దానికి పేరు పెట్టేలోపే వాళ్ళ సామాను లారీ ఎక్కించిన ఘనుడాయన.

ఇప్పుడాయన దృష్టి పచ్చదనం మీద పడింది. ప్రతి ఫ్లాటులోనూ మొక్కలుండాలట. మనుషులు పచ్చగా ఉన్నారా లేదా అన్న సంగతి మీటింగులో చర్చకి రాలేదు.

చిక్కేమిటంటే, టైలరమ్మ ఇంట్లో దొరసాని ఉంది. దొరసాని అంటే పిల్లి. కుట్టుమిషను పక్కన బట్టల గుట్టే దాని సింహాసనం. కంటపడ్డ ఆకునల్లా నమిలి చూస్తే గానీ దానికి తోచదు. ఓడ మీద ఉద్యోగం చేసే భర్త ఫోను చేస్తే "దొరసాని తిందా?" అన్నాకే "నువ్వు తిన్నావా?" అంటాడు. దాని మూలంగా ఇప్పటికే రెండిళ్ళు మారారు. లిల్లీ పుప్పొడి ఒంటికి అంటుకుని, దాన్ని నాకినా పిల్లికి కిడ్నీలు పోతాయని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి టైలరమ్మ పూల కొట్టున్న వీధిలోంచి నడవడం కూడా మానేసింది.

"లిల్లీ వద్దండి బాబాయిగారూ. ఆ వాసనకి మా అత్తగారికి తలనొప్పొస్తుంది."

"నాకా? నాకే నొప్పీ లేదే!" అంది అత్తగారు లోపల్నుంచి. ఆవిడ చెవుడు కావలసినప్పుడు పనిచెయ్యదు.

మర్నాడు మనీ ప్లాంటు వచ్చింది.

"మనీ అనేది మాకు అచ్చిరాదండీ."

ఆ తర్వాత కలబంద.

"ముళ్ళు గదండీ, కస్టమర్ల బట్టలు చిరుగుతాయి."

చివరికి స్నేక్ ప్లాంటు.

"పేరులోనే పాముంది బాబాయిగారూ. నాకు భయం."

"డబ్బు అచ్చిరాని వాళ్ళని ఇక్కడే చూస్తున్నానమ్మా. పోనీ, ఏవైతే పెంచుతారో మీరే సెలవివ్వండి."

ఏ మొక్క పిల్లికి విషమో, ఏది కాదో అప్పటికే ఫోనులో చదివీ చదివీ కళ్ళు వాచిపోయి ఉన్న టైలరమ్మ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "స్పైడర్ ప్లాంటు, అరెకా పామ్, ఫెర్న్."

"అంటే, పామంటే భయం గానీ సాలీడంటే లేదన్నమాట!" అన్నారు సెక్రటరీగారు. మాట ప్రకారం మూడూ పంపించి, "ఆదివారం వచ్చి ఎక్కడెక్కడ పెట్టారో చూస్తాను" అని హెచ్చరించారు.

ఆదివారం పొద్దున్నే టైలరమ్మ ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, సోఫా మీది బొచ్చు ఏరి, దొరసానిని బతిమాలి బామాలి బాత్‌రూములో పెట్టి గడియ వేసింది.

సెక్రటరీగారు చేతులు వెనక్కి కట్టుకుని హాలంతా తిరిగారు.

"స్పైడర్ ప్లాంటు సీలింగుకి కట్టారేం?"

"కింద చోటు లేదండీ."

ఖాళీగా ఉన్న నేలని ఆయన ఒకసారి చూశారు. పామ్ కుండీ దగ్గర వంగారు.

"మట్టి మీద ఇన్ని గులకరాళ్ళెందుకు?"

"అందానికండీ."

"కుండీ ఇంత బరువైంది కొన్నారు?"

"గాలికి పడిపోకుండా."

"హాల్లో గాలా? మరి ఎండ బాగా తగిలే ఈ కిటికీ గట్టు మీద ఒక్క మొక్కా లేదే? ఎవరికోసం అట్టేపెట్టారు?"

అంతలో బాత్‌రూములోంచి సన్నగా, దీర్ఘంగా "మ్యావ్" అని వినిపించింది.

"నా కడుపు నాయనా!" అంది అత్తగారు తడుముకోకుండా. "ఆకలేస్తే ఇలాగే అరుస్తుంది."

సెక్రటరీగారు వెళ్ళి వీధి తలుపు మూశారు. వెనక్కి తిరిగి ఒక్కొక్క వేలూ మడిచారు.

"లిల్లీ. మనీ ప్లాంటు. కలబంద. స్నేక్ ప్లాంటు. భవనం మొత్తం మీద ఈ నాలుగూ వద్దన్నది మీరొక్కరే. ఎందుకు వద్దన్నారో తెలియనంత అమాయకుణ్ణి కాదమ్మా."

టైలరమ్మ కళ్ళ ముందు లారీ వచ్చి ఆగింది. ఇక దాచి లాభం లేదు. గడియ తీసింది. దొరసాని తోక నిలబెట్టుకుని, అద్దె తనే కడుతున్నట్టు హాల్లోకి నడిచొచ్చింది.

"మేం ఖాళీ చేసేస్తాం బాబాయిగారూ. ఇంకో ఇల్లు దొరికేదాకా ఆగండి చాలు. దీన్ని మాత్రం ఎక్కడో వదిలేసి రమ్మనకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

సెక్రటరీగారు తలుపు సరిగ్గా పడిందో లేదో మరోసారి చూసుకుని, గొంతు బాగా తగ్గించి అన్నారు:

"ఖాళీ చెయ్యడమెందుకమ్మా, మా ఇంట్లో ఉన్న మూడు పిల్లులకీ కుక్కలంటే హడలనేగా నేనా రూలు పెట్టించింది!"