మిల్లు బూడిద

కల్వర్టు మలుపులో ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే సత్తిరాజు లారీ ఆపాడు.

గట్టు మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు.

"ఏవండీ, మీ బండి కింద ఇంజనాయిల్ కారుతోందండి."

"తెలుసండి. చాంబరు తుప్పు పట్టింది."

"మార్పించెయ్యకూడదా అండి?"

"చూద్దాంలెండి."

ట్రాక్టరు దాటిపోయింది. సత్తిరాజూ దాటిపోయాడు.

చూద్దాం అనడం సత్తిరాజుకి కొత్త కాదు. ఇంజను అడుగున నూనె నిలిచే ఆ రేకు డొప్పకి చిల్లు పడిందని ఏలూరు మెకానిక్ శ్రీహరి ఎన్నాళ్ళుగానో చెబుతున్నాడు. బండిని రెండ్రోజులు షెడ్డులో వదిలెయ్యమంటాడు. కానీ కొల్లేటికోట చేపలు రోజూ పొద్దున్నే ఏలూరు చేరాలి. తను ఒక్క రోజు మానితే చెరువుల వాళ్ళు ఇంకో బండిని పిలుచుకుంటారు, ఆ తర్వాత తన మొహం చూడరు. సత్తిరాజుకి ఉన్న ఆధారమల్లా ఆ పాత లారీయే.

అందుకని చిల్లుకి సబ్బుముద్ద అద్ది, సీటు వెనక ఆయిల్ డబ్బా పెట్టుకుని, కారినంత పోసుకుంటూ తిరిగేవాడు.

మర్నాడూ ఆ ఇరుకు మలుపులో ఎదురు బండి కోసం ఆగి, కల్వర్టు దాటాక సత్తిరాజు అద్దంలో చూశాడు. ఆ పెద్దాయన మోపెడ్ మీది గోనెలోంచి బూడిద తీసి, లారీ నిలబడిన చోట చల్లుతున్నాడు.

ఆ మర్నాడూ అంతే.

అదే వారంలో టైరు పేలింది. ఐసు వేళకి రాక సరుకు మెత్తబడింది. ఇంట్లో భార్యకి జ్వరం తగిలింది.

టీకొట్టు దగ్గర తోటి డ్రైవరు ఒకడు చెవి కొరికాడు. "బండి నిలబడ్డ చోట బూడిద చల్లుతున్నాడంటే ఊరికే కాదు సత్తిరాజూ. నీ బేరాలు కావలసినవాళ్ళెవరో చేయిస్తున్నారు."

అనుమానం పెనుభూతం అన్నారు. సత్తిరాజు గుమ్మడికాయ కొట్టించాడు. బంపరుకి నిమ్మకాయలు కట్టాడు. రేడియేటరుకి పసుపు కుంకుమ పెట్టించాడు. చాంబరు జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఓ రోజు మలుపు దాటి బండి పక్కకి తీసి, వెనక్కి నడిచి వచ్చాడు.

"ఏంటండీ ఇది?"

"మిల్లు బూడిదండి. ఊక కాల్చింది."

"నా బండి వెనకే ఎందుకండీ చల్లడం?"

"మీ బండి ఇక్కడ ఆగుతుంది కదండీ, నూనె మడుగు కడుతోంది. బూడిద వేస్తే స్కూటర్లు జారవండి."

"నాలుగు చుక్కలకి గోనెడు బూడిదా? మిమ్మల్నెవరు పంపారో చెప్పండి."

"ఎవరూ పంపలేదండి."

సత్తిరాజు నమ్మలేదు. గోనె లాగి కాలవలోకి విసిరేశాడు.

పెద్దాయన కాసేపు కాలవ వంక చూశాడు. గుప్పిట్లో మిగిలిన బూడిదని తీసుకెళ్ళి నూనె మీద చల్లాడు. మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కనిపించలేదు.

టైర్లు పేలలేదు. భార్య జ్వరం తగ్గింది. అంతా నిమ్మకాయల మహిమే అనుకున్నాడు సత్తిరాజు.

నిమ్మకాయలు నూనెని ఆపలేవు గదా. ఏలూరు పొలిమేరల్లో ఓ పొద్దున ఆయిల్ లైటు ఎర్రగా వెలిగి, ఇంజను గరగరలాడింది. బండిని తాడేసి శ్రీహరి షెడ్డుకి లాక్కొచ్చారు.

శ్రీహరి మూలనుంచి ఓ చాంబరు తెచ్చి ముందు పెట్టాడు. పాతదే, కానీ ఎక్కడా తుప్పు లేదు.

"మీ బండికేనండి. ఓ పెద్దాయన తాడేపల్లిగూడెంలో పాత బళ్ళు విప్పే చోట వెతికి తెచ్చారు. మీరు ఎప్పుడొస్తే అప్పుడు బిగించమని ఇచ్చి వెళ్ళారు."

"ఎవరాయన?"

"పేరు జీవరత్నం అన్నారు. మోపెడ్ మీద గోనె ఉంది. బట్టలనిండా బూడిద."

సత్తిరాజు వంగి చాంబరుని తడిమి చూశాడు.

"నాకు చెప్పలేదేం?"

"వచ్చినప్పుడల్లా హారన్ కొట్టి డబ్బా నింపించుకుని పోతారు. ఎప్పుడు ఆగారండీ, చెప్పడానికి?"

సత్తిరాజుకి సిగ్గేసింది. బండి బాగయ్యాక, రెండు మంచి కొరమీనులు తీసుకుని, కల్వర్టు దగ్గర అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. కాళ్ళ మీద పడైనా సరే, క్షమించమని అడుగుదామనుకున్నాడు.

ఓ పెద్దావిడ తలుపు తీసింది.

"జీవరత్నం గారున్నారాండీ?"

"మా ఆయనండి. గుండె ఆగి పోయారు, నెల దాటింది. మీరు?"

"సత్తిరాజునండి. చేపల లారీ."

ఆవిడ, హన్నమ్మ, అతన్ని ఓ నిమిషం చూసింది. "కూర్చోండి" అని అరుగు చూపించింది.

సత్తిరాజు కూర్చోలేకపోయాడు. అనుమానపడిన సంగతి, గోనె విసిరేసిన సంగతి, దాచకుండా చెప్పేశాడు.

"చెప్పారండి. బూడిదకేం, మిల్లులో బోలెడుంటుంది, రేపు తెచ్చుకుంటానన్నారు. ఆ రాత్రే పోయారు."

"నేనాయనకి ఏమవుతానండీ? నాకెందుకింత చేశారు?"

హన్నమ్మ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగింది.

"మా అబ్బాయి ఆనంద్ పాల్ బళ్ళో మేష్టారండి. పోయినేడు బడికి వెళ్తూ ఆ మలుపులోనే, నూనె మీద బైకు జారి చనిపోయాడు. మట్టి చేసిన మర్నాడు మా ఆయన ఆ నూనె చుక్కల జాడ పట్టుకుని ఒక్కరే ఏలూరు దాకా వెళ్ళారండి, మీ బండి కింద దాకా."