రెండో డిస్కు

రెండో డిస్కు పెట్టగానే కంప్యూటర్ మళ్ళీ బిగుసుకుపోయింది.

వీబె టెర్ప్‌స్ట్రా తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. మొదటి ఫ్లాపీని బుద్ధిగా చదువుతుంది. తెర నిండా అక్షరాలు పరుగెత్తుతాయి. రెండోది పెట్టమంటుంది. తీరా పెడితే నాలుగుసార్లు గుర్రుమని, ఇక ఉలకదు పలకదు.

"రేపు క్లబ్బులో ఏం చూపిస్తావు? గుర్రు పెట్టడమా?" అంది రెన్స్కె, భోజనాల బల్ల మీద వైర్ల మధ్య చోటు చూసుకుని కాఫీ పెడుతూ.

భార్య మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంట్లో కంప్యూటర్ ఉండటమే గొప్పగా చెప్పుకునే రోజులవి. విశ్వవిద్యాలయాల్లో గదంత యంత్రాల మీద నడిచే యూనిక్స్ అనే వ్యవస్థ లాంటిది ఇప్పుడు ఇంట్లోనే నడుస్తుందని, శనివారం తమ ద్రాఖ్టెన్ ఊరి కంప్యూటర్ క్లబ్బులో నడిపి చూపిస్తానని వీబె రొమ్ము విరుచుకుని చెప్పాడు. అంతటితో ఊరుకున్నాడా? దేశమంతా తిరిగే క్లబ్బు పత్రిక చివరి పేజీలో సలహాదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ వేస్తారు. ఏ ప్రోగ్రాము ఎవరు ముందు తెప్పించుకుంటే దానికి వాళ్ళే సలహాదారులు. వీబె అయితే ఈ డిస్కుల పార్సెల్ రాకముందే పేరిచ్చేశాడు. ఇప్పుడు నెదర్లాండ్స్ మొత్తంలో ఎవరి డిస్కు మొరాయించినా ఫోను ఈ ఇంటికే.

"ఎవరినైనా అడగొచ్చుగా?"

"సలహాదారుణ్ణే నేను! నేనెవర్ని అడగాలి?"

"నీ పేరు కింద జ్వొల్లె ఊరాయన పేరు కూడా ఉందిగా. బ్రింక్ అని."

"ఆయన్ని అడిగితే ఇంకేమన్నా ఉందా? తెల్లారేసరికి క్లబ్బంతా చాటింపే. నా పేరు పేజీలోంచి లేపేస్తారు."

"అయితే నీ పేరుతో అడక్కు. నా పుట్టింటి పేరు ఖాళీగానే పడుంది, వాడుకో."

వీబె ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత మెల్లగా లేచి నడవలోకి వెళ్ళాడు. గొంతు బొంగురు చేసుకుని జ్వొల్లెకు ఫోన్ చేశాడు.

"నమస్కారమండీ. ద్రాఖ్టెన్ నుంచి పోస్త్మాని మాట్లాడుతున్నాను" అని రెన్స్కె పుట్టింటి పేరుతో మొదలుపెట్టి, డిస్కు బాధంతా వెళ్ళబోసుకున్నాడు.

అవతల బ్రింక్ నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటారు పోస్త్మా గారూ, నాకూ అంతు చిక్కడం లేదు. భోజనాలయ్యాక ఓసారి చేయండి. ఈలోగా ఏమైనా తెలిస్తే చెప్తాను."

ఫోన్ పెట్టి నాలుగడుగులు వేశాడో లేదో, అది మోగింది.

"టెర్ప్‌స్ట్రా!" అన్నాడు వీబె, ఈసారి సొంత గొంతుతో.

"సలహాదారు గారేనా?" అంది అవతల ఒకావిడ. "నేను ఆసెన్ నుంచి నైబూర్‌ని. నా కంప్యూటర్ రెండో డిస్కు దగ్గర ఆగిపోతోందండీ."

నాదీ అంతేనమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వీబె దాన్ని మింగేసి, "ఓ, అదా!" అన్నాడు.

ఆ 'ఓ, అదా' అన్నాక ఇక వెనక్కి పోవడానికి దారేది? ఆవిడ పాపం ఊపిరి బిగబట్టి వింటోంది. నోటికి ఏదొస్తే అది చెప్పేశాడు. ఎంత వెర్రిసలహా అయినా గొంతు మాత్రం గంభీరంగానే ఉంచాడు. "ఎందుకని మాత్రం అడక్కండి. అదంతా చాలా లోతైన విషయం" అని కూడా అని, ఆవిడ థాంక్స్ చెప్పేలోపే పెట్టేశాడు.

"ఏం చెప్పావేంటి?" అంది రెన్స్కె.

"ఏదో వాగాను. తలుచుకుంటేనే సిగ్గేస్తోంది."

రెన్స్కె బిస్కెట్ల డబ్బా మళ్ళీ తెరిచింది. ఆ ఇంట్లో కాఫీకి ఒక్కటే బిస్కెట్. "పాపం, ఇవాళ్టికి రెండోది తీసుకో" అంది.

బఠాణీ సూపు తాగామనిపించుకుని వీబె మళ్ళీ బొంగురు గొంతు ఎత్తుకున్నాడు. అవతల బ్రింక్ పట్టరాని సంతోషంలో ఉన్నాడు.

"పోస్త్మా గారూ, దొరికిందండీ! మీ పెట్టె ముందు టర్బో అని వేగం పెంచే బటన్ ఉంటుంది చూడండి, అది ఆపేయండి. తాబేలు నడక నడిపించండి. ఆ పరుగుకి డిస్కు అందుకోలేక చస్తోందంతే!"

వీబె చెవులు ఎర్రబడ్డాయి. కొన్న రోజు నుంచీ ఆ బటన్ ఒక్కసారైనా ఆపి ఎరగడు. వేగం చూసుకునే కదా క్లబ్బులో మీసం మెలేసేది!

"లైన్లోనే ఉంటాను, చేసి చూడండి."

వీబె పరుగెత్తాడు. బటన్ నొక్కాడు, లైటు ఆరింది. మొదటి డిస్కు ఈసురోమంటూ నడిచింది. రెండోది పెట్టాడు. గుర్రు. మళ్ళీ గుర్రు. రెన్స్కె అతని భుజం గట్టిగా పట్టుకుంది. నెమ్మదిగా, ఒక్కొక్క వరసే, అక్షరాలు కదిలాయి. మూడో డిస్కు పెట్టమంది!

"బతికిపోయావు పో!" అని రెన్స్కె చప్పట్లు కొట్టింది.

వీబె నడవలోకి వచ్చి రిసీవర్ అందుకున్నాడు. 

"నడిచిందండీ. ఇంతకీ... ఇది మీరే కనిపెట్టారా?"

"నాకంత బుర్రెక్కడిదండీ!" బ్రింక్ పెద్దగా నవ్వాడు. "ఇందాక ఆసెన్‌లో ఉండే నైబూర్ గారు ఫోన్ చేసి చెప్పారు; తనకి ఈ కిటుకు చెప్పింది మీ ఊరి టెర్ప్‌స్ట్రా గారేనట, అంతటి మహానుభావుణ్ణి పక్కనే పెట్టుకుని మీరు నాకెందుకండీ ఫోన్ చేశారు?"